పొడుగు మైకు ఏం చేస్తుంది, ఏం చెయ్యదు?

పిల్లలూ! కొమురవెల్లి మల్లన్న జాతరకు మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం వచ్చిందంటే అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకవైపు డోలు, ఒకవైపు తాళాలు, ఇంకోవైపు బూరలు అమ్మేవాళ్ళ కేకలు. అంత గోలలోనూ వెనుకనుంచి "ఒరేయ్, ఇటు రా!" అని అమ్మ పిలిస్తే మీకు వినబడుతుంది. అదే గోలను సెల్‌ఫోనులో రికార్డు చేసి ఇంటికి వచ్చి వినండి. అమ్మ పిలుపు ఎక్కడుందో వెతుక్కోవలసిందే! డోలు, కేకలు, పిలుపు అన్నీ కలిసి ఒకే ముద్ద అయిపోయి ఉంటాయి.

ఎందుకిలా జరుగుతుంది? మనకు రెండు చెవులున్నాయి, వాటి వెనుక మెదడు ఉంది. ఏ శబ్దం ఎటునుంచి వచ్చిందో రెండు చెవుల మధ్య తేడానుబట్టి మెదడు కనిపెట్టి, కావలసినదానిపై మనసు నిలిపి, మిగతాదాన్ని పక్కకు నెడుతుంది. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు కాలిన్ చెర్రీ 1953లో ఈ విషయంపై చక్కని ప్రయోగాలు చేశాడు. మైకుకు మెదడు లేదు. తన దగ్గరకు వచ్చిన గాలి కదలికనంతా అది విద్యుత్తుగా మార్చి పంపుతుంది. ఏది ముఖ్యం, ఏది కాదు అన్న విచక్షణ దానికి లేదు. అందుకే ఆ పనిని మనం మైకు ఆకారంతోనో, దాన్ని పెట్టే చోటుతోనో చేయించాలి.

ఈ మధ్య మా బచ్చన్నపేట పిల్లలు నలుగురు ఒక బొమ్మ పట్టుకుని వచ్చారు. బొమ్మలో పొడుగాటి గొట్టంలాంటి మైకు ఉంది, దానికి బొచ్చు తొడుగు కూడా ఉంది. ఒక ఒగ్గు కథ చెప్పే తాతతో మల్లన్న కథ చెప్పించి చిన్న సినిమా తియ్యాలని వాళ్ళ కోరిక. తలా కొంత వేసుకుని డబ్బు కూడా పోగుచేశారు. "సార్, దీన్ని షాట్‌గన్ మైకు అంటారట. కొంటే దూరం నుంచి కూడా మాట దగ్గరగా వినిపిస్తుందట కదా?" అని అడిగారు.

ఆ 'అట' దగ్గరే చిక్కంతా ఉంది. ఆ తాత వయసు మీద పడ్డవాడు. పూర్తి కథను మళ్ళీ మళ్ళీ చెప్పించడం కుదిరే పని కాదు. మన జనగామ ప్రాంతపు మాణిక్యాపురం నుంచి వచ్చి ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య గారు 2017లో కన్నుమూశారు. ఆయనంతటి పేరు రాని కథకులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వారి గొంతు సరిగా రికార్డు కాకపోతే అది వారితోనే పోతుంది. కాబట్టి పిల్లలు పోగుచేసిన ఆ కొద్ది డబ్బును ఎక్కడ పెట్టాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. జవాబు చెప్పాలంటే ముందు కాస్త భౌతికశాస్త్రం కావాలి.

గొట్టం ఎందుకు?

షాట్‌గన్ మైకు చూడటానికి తుపాకి గొట్టంలా ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. గొట్టం పక్కలకు వరుసగా సన్నని చీలికలు ఉంటాయి. గొట్టం లోపల చివరన అసలు మైకు ఉంటుంది. అందులో లోహపు పూత పూసిన పలుచని పొర ఒకటి, దాని వెనుక ఒక పలక. ఈ రెండూ కలిసి కెపాసిటర్ అవుతాయి. శబ్దం తగిలి పొర కదిలితే రెండింటి మధ్య దూరం మారుతుంది, దానితో విద్యుత్తూ మారుతుంది. ఆ పొరకు విద్యుదావేశాన్ని బయటనుంచి ఇవ్వవచ్చు. లేదా శాశ్వతంగా ఆవేశాన్ని పట్టి ఉంచే పదార్థంతో తయారుచేయవచ్చు. ఈ రెండవ రకాన్ని ఎలెక్ట్రెట్ అంటారు. 1962లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. చవకైన మంచి మైకులు మనకు దొరుకుతున్నాయంటే ఆ ఇద్దరి చలవే.

ఇక గొట్టం పని చూద్దాం. ఊయలను పదిమంది కలిసి ఒకే సమయంలో తోస్తే అది పైకి లేస్తుంది. సగంమంది తోసే క్షణంలోనే మిగతా సగంమంది లాగితే? ఊయల కదలదు. శబ్ద తరంగాలూ అంతే. ఒకే దశలో కలిస్తే బలపడతాయి, వ్యతిరేక దశలో కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దీన్నే మీరు పాఠంలో వ్యతికరణం అని చదువుకున్నారు.

గొట్టానికి సూటిగా ఎదురునుంచి వచ్చే శబ్దాన్ని తీసుకోండి. కొంత గొట్టం మూతినుంచి లోపలికి పోతుంది. కొంత బయటనే ప్రయాణించి దారిలోని చీలికల్లో దూరుతుంది. లోపలా బయటా వేగం ఒకటే కాబట్టి, ఎక్కడ దూరినా అన్నీ పొర దగ్గరకు ఒకేసారి చేరతాయి. పదిమందీ కలిసి తోసినట్టే.

మరి పక్కనుంచి వచ్చే శబ్దం సంగతి? అది అన్ని చీలికలనూ ఒకేసారి తాకుతుంది. కాని అక్కడినుంచి పొర దగ్గరకు నడవవలసిన దూరం వేరు. మూతి దగ్గర దూరినది గొట్టమంతా నడవాలి. పొర పక్కన దూరినది ఒక్క అడుగు వేస్తే చాలు. గొట్టం పొడవు 25 సెంటీమీటర్లు అనుకోండి. వచ్చే శబ్దపు తరంగదైర్ఘ్యమూ 25 సెంటీమీటర్లే అయితే, ప్రతి చీలికకూ పన్నెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఒక 'శత్రు చీలిక' ఉంటుంది. ఒకదానినుంచి వచ్చిన తరంగం పొరను తోస్తుంటే, రెండవది లాగుతుంది. జతలు జతలుగా అన్నీ రద్దయిపోతాయి!

ఇప్పుడు లెక్క కట్టండి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. దాన్ని 0.25తో భాగిస్తే 1360. అంటే 25 సెంటీమీటర్ల గొట్టం 1360 హెర్ట్జ్ దగ్గరా, దాని పైనా పక్క శబ్దాలను బాగా అణచగలదు. అంతకు దిగువకు పోయేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది.

డోలు దెబ్బ సుమారు 100 హెర్ట్జ్ అనుకుందాం. తరంగదైర్ఘ్యం 340ని 100తో భాగించగా 3.4 మీటర్లు. దాని ముందు 25 సెంటీమీటర్ల గొట్టం ఎంత? సుమారు పద్నాలుగో వంతు మాత్రమే. ఎనుగు ముందు ఎలుక అడ్డం నిలబడ్డట్టే. చీలికలన్నిటినుంచీ వచ్చిన తరంగాలు దాదాపు ఒకే దశలో ఉంటాయి, రద్దు కావడమన్నది జరగదు. బోరు మోటరు, ఇన్వర్టరు చేసే గుయ్ మనే మోత సంగతీ అంతే. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఆ మోత 50, 100 హెర్ట్జ్‌ల దగ్గరా వాటి గుణిజాల దగ్గరా ఉంటుంది. గొట్టం దాన్ని ఆపలేదు. మోటరును ఆపవలసినవాళ్ళం మనమే.

అలాగని కింది శబ్దాలను ఈ మైకు అన్ని వైపులనుంచీ సమానంగా తీసుకుంటుందని కాదు. లోపలి మైకు వెనుక భాగంలోనూ దారులుంటాయి. పొర ముందు వెనుకల ఒత్తిడి తేడాను అది కొలుస్తుంది. అందువల్ల పక్కనుంచీ వెనుకనుంచీ వచ్చేవి కొంత తగ్గుతాయి. గొట్టం లేని చిన్న మైకు కూడా ఈ మాత్రం చేస్తుంది. కింది శబ్దాల వరకు రెండూ ఒకటే అన్నమాట.

దుర్భిణి కాదు

"దూరం నుంచి దగ్గరగా" అన్న మాట ఇప్పుడు ఎంతవరకు నిజమో చూద్దాం. దుర్భిణిలో చూస్తే దూరపు చెట్టు పెద్దదిగా కనబడుతుంది. ఈ మైకు శబ్దాన్ని అలా పెద్దది చెయ్యదు. పక్కల శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. చీకట్లో టార్చిలైటు వేసినట్టు ఒకే దిక్కున చూస్తుంది. పైగా టార్చి వెలుగు మనిషి దగ్గర ఆగదు, వెనుక గోడ దాకా పోతుంది. తాత ముఖానికి ఎదురుగా మైకు పెట్టి, తాత వెనుక డోలు వాయించేవాళ్ళను నిలబెడితే, గొట్టం డోలునూ సాదరంగా ఆహ్వానిస్తుంది!

దూరం పెరిగితే ఏమవుతుంది? బయలు ప్రదేశంలో దూరం రెండింతలైతే ధ్వని తీవ్రత నాలుగో వంతవుతుంది. డెసిబెల్ లెక్కలో 6 తగ్గినట్టు. నాలుగింతలైతే 12 తగ్గుతుంది. మోటరు మోత మాత్రం తగ్గదు, అది అన్నిచోట్లా అలాగే ఉంటుంది. అన్ని దిక్కులా వినే మామూలు మైకును నోటికి అడుగు దూరంలో పెడితే మాటకూ గోలకూ ఎంత నిష్పత్తి వస్తుందో, ఒకే దిక్కున వినే గొట్టంలేని మంచి మైకును రెండడుగుల దూరంలో పెడితే అంతే వస్తుంది. పొట్టి షాట్‌గన్ అంతకంటె కొంచెం మెరుగు. పది అడుగులు, ఇరవై అడుగులు అన్న మాటలు నమ్మకండి. నా దృష్టిలో ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం డబ్బు మిగిలినట్టే.

సినిమావాళ్ళు మైకును కర్రకు కట్టి నటుల తలపైన వేలాడదీస్తారు, చూశారా? అది కెమేరాకు కనబడకుండా దాచడానికే అనుకుంటారు. ఇంకో కారణం ఉంది. పైనుంచి కిందికి గురిపెడితే మనిషి వెనుక ఉండేది నేల. టార్చి వెలుగు నేల మీద పడి ఆగుతుంది. డోలు, బస్సు, రైసుమిల్లు అన్నీ పక్కకు పోతాయి. నేల సిమెంటుదైతే శబ్దం తిరిగి పైకి లేస్తుంది. అప్పుడు కురుమలు నేసిన గొంగడి ఒకటి నేల మీద పరవండి. ఉన్ని హెచ్చు పౌనఃపున్యాలను బాగా పీల్చుకుంటుంది. ఇంతకంటె చవకైన 'శబ్ద పరికరం' నాకు తెలిసి లేదు.

సినిమాలలో ఇది ఎప్పటినుంచి?

మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆ రోజుల్లో నటులు మాట్లాడుతుంటే, పాడుతుంటే అక్కడికక్కడే రికార్డు చేసేవారు. తరువాత ఆరుబయట చిత్రీకరణ పెరిగింది, కెమేరాల మోత ఎక్కువైంది. దానితో ఊరికే బొమ్మ తీసుకుని, మాటలను తరువాత స్టూడియోలో చెప్పించడం అలవాటయింది. 2001లో వచ్చిన హిందీ చిత్రం 'లగాన్'లో షూటింగు జరిగినచోటే శబ్దాన్ని పట్టారు. తెలుగులో 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' కూడా అటువంటిదే. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే చాలామంది అందులో నటించారు. అనుభవం లేని మనిషి చోటులో మాట్లాడిన మాటకు ఉండే జీవం, మూడు నెలల తరువాత గాజు గదిలో చెప్పిన మాటకు రాదు. మీ ఒగ్గు తాతను స్టూడియోకు తీసుకుపోయి "మళ్ళీ చెప్పు తాతా" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ పనికి సినిమావాళ్ళు ఎక్కువగా వాడేది జర్మనీలోని సెన్‌హైజర్ కంపెనీ తయారుచేసే ఎం.కె.హెచ్. 416. దాని పొడవు 25 సెంటీమీటర్లు. మన లెక్కలోని గొట్టం అంతే! దాని అన్న 816 అంతకు రెండింతల పైన ఉండేది. దానికిగాను ఫ్రిట్జ్ సెన్‌హైజర్‌కు 1987లో అమెరికా చలనచిత్ర అకాడమీ సాంకేతిక పురస్కారం లభించింది. ఈ రకం మైకులు తేమకు తేలికగా లొంగవు, వానాకాలంలోనూ నమ్మకంగా పనిచేస్తాయి. కాని 416 ధర ఒక మోటారు సైకిలు ధరతో పోల్చదగినది. అది మన సంగతి కాదు.

చవకలో ఏం చూడాలి?

ముందు పొడవు చూడండి. వేలెడంత మైకుకు బొచ్చు తొడుగు వేసి షాట్‌గన్ అని అమ్ముతారు. 8 సెంటీమీటర్ల గొట్టం అనుకుంటే 340ని 0.08తో భాగించండి. 4250 హెర్ట్జ్! మనిషి మాటలోని బలమంతా దాదాపు అంతకు దిగువనే ఉంటుంది. ఆ గొట్టం అలంకారమే తప్ప ఆయుధం కాదు. అది చెడ్డ మైకు అని నేననడం లేదు. మామూలు మైకు అనుకుని దగ్గరగా పెట్టి వాడితే చక్కగా పనిచేస్తుంది. షాట్‌గన్ అన్న పేరుకు మాత్రం అదనంగా డబ్బివ్వకండి.

తరువాత స్వంత చప్పుడు. ఏ శబ్దమూ లేనప్పుడు కూడా మైకులోని విద్యుత్ పరికరాలు సన్నగా 'ఉస్స్' అంటుంటాయి. దాన్ని డెసిబెల్‌లలో రాస్తారు. 416కు అది 13. ఆస్ట్రేలియాలోని రోడ్ కంపెనీ చేసే, మధ్యతరగతి ధరలో ఉండే ఎన్.టి.జి.2కు 18. ఈ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఇరవై దాటితే మెల్లగా మాట్లాడే అవ్వ గొంతు వెనుక ఆ 'ఉస్స్' వినబడటం మొదలవుతుంది. ఒగ్గు కథ చెప్పే గొంతుకు మాత్రం ఇది పెద్ద అడ్డు కాదు, ఆ గొంతు అంత గట్టిది. పని ఏదో చూసుకుని అంకెకు విలువ కట్టాలి. కాగితం మీద ఈ అంకె అసలే లేకపోతే ఆ మైకును అనుమానించవలసిందే.

కరెంటు ఎక్కడినుంచి వస్తుందో అడగడం మరవద్దు. పెద్ద మైకులకు 48 వోల్టులు కావాలి. మైకు తీగలోనుంచే రికార్డరు దాన్ని పంపుతుంది. దీన్ని ఫాంటమ్ పవర్ అంటారు. మీ సెల్‌ఫోనుకో చిన్న కెమేరాకో ఆ శక్తి లేదు. అందువల్ల మంచి మైకు కొని, తెచ్చాక మూగబోయిందని బాధపడేవాళ్ళున్నారు. లోపల పెన్ సెల్ వేసుకుని పనిచేసేవి కూడా ఉన్నాయి. పైన చెప్పిన ఎన్.టి.జి.2 రెండు విధాలా పనిచేస్తుంది. ఫోనుకు, కెమేరాకు పిన్నుల అమరికలో కూడా తేడా ఉంటుంది. మీ పరికరాన్ని వెంట తీసుకుపోయి అక్కడే తగిలించి చూడండి.

మరొక మాట. పొదుపు మైకుకైనా తోడు లేకుండా పని జరగదు. మొదటిది గాలి తొడుగు. చైత్ర వైశాఖాలలో మన మెట్టలమీద వీచే గాలి మైకు పొరను తాకితే 'గుబగుబ' తప్ప మరేమీ రికార్డు కాదు. ఒకే దిక్కున వినే మైకులకు ఈ బాధ మరీ ఎక్కువ. స్పాంజి తొడుగు ఇంట్లోకి చాలు, బయటకు బొచ్చు తొడుగే కావాలి. రెండవది కర్ర. వెదురు బొంగు చాలు, కాని మైకును దానికి నేరుగా కట్టకూడదు. చేతి కదలికలు టకటకమని వినిపిస్తాయి. రబ్బరు బ్యాండ్ల మధ్య వేలాడదీయాలి. మూడవది చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను. అది లేకుండా రికార్డు చెయ్యడమంటే కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించడమే. మీ దగ్గరున్న డబ్బంతా మైకుకే పెట్టకండి. సగం దానికి, మిగతా సగం ఈ మూడింటికి. ఆ నలుగురికీ నేను ఇదే చెప్పాను.

పట్టుకునే పద్ధతి కూడా తెలియాలి. గొట్టాన్ని పిడికిట బిగించి పట్టుకుంటే చీలికలు మూసుకుపోతాయి. చీలికలు లేని గొట్టం ఒట్టి గొట్టమే. దాని పేరు మీద ప్లాస్టరు చుట్టినా అంతే. చిన్న స్లాబు గదిలో అయితే గొట్టపు మైకు వాడనేకూడదంటాను. గోడలనుంచి తిరిగివచ్చే శబ్దాలను అది ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఒక్కో విధంగా కోస్తుంది. మనిషి తల తిప్పినప్పుడల్లా గొంతు రంగు మారినట్టుంటుంది. లోపల కూర్చుని ఒక్క అవ్వతో కరువు కాలపు ముచ్చట్లు రికార్డు చెయ్యాలంటే, చొక్కాకో చీరకో పెట్టే చిన్న పిన్ను మైకు దీనికంటె చవక, దీనికంటె మేలు. ఒగ్గు కథకుడు చిందులేస్తాడు, చేతిలో జగ్గు ఉంటుంది, మెడలో దండలుంటాయి. అక్కడ పిన్ను మైకు గరగరలాడుతుంది, కర్రమీది మైకే దిక్కు.

సెల్‌ఫోనులో మరొక చిక్కు ఉంది. డోలు దెబ్బ పడగానే అది తనంతట తానే శబ్దస్థాయిని తగ్గించేసుకుంటుంది. వెంటనే వచ్చే మాట మింగుడుపడిపోతుంది. స్థాయిని మన చేతితో నిలిపే యాప్ గాని, విడి రికార్డరు గాని వాడండి. డోలు గట్టిగా వాయించమని చెప్పి, ఆ దెబ్బకు ముల్లు ఎర్ర గీత దాటకుండా స్థాయిని ముందే సరిచూసుకోవాలి.

బొమ్మ ఒకచోట, శబ్దం ఒకచోట రికార్డైతే రెండింటినీ కలపడం ఎలా? మొదట కెమేరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చేతులు కలిసిన బొమ్మనూ, టక్ మన్న శబ్దాన్నీ తరువాత జతచేసుకోవచ్చు. సెకనుకు 25 బొమ్మలు తీసే కెమేరాలో ఒక్కో బొమ్మ కాలం సెకనులో ఇరవై ఐదో వంతు. ఆ లోపల శబ్దం 13.6 మీటర్లు నడుస్తుంది. కాబట్టి చప్పట్లు కెమేరా పక్కన కాక, మైకు దగ్గర కొట్టాలి.

మైకు కొనకముందే చెయ్యగల ప్రయోగం ఒకటి ఉంది. బోరు మోటరు నడుస్తున్నచోట ఒక స్నేహితుణ్ణి ఒకే స్థాయిలో ఎక్కాలు చదవమనండి. ఉన్న సెల్‌ఫోనుతోనే 30, 60, 120 సెంటీమీటర్ల దూరాలనుంచి మూడుసార్లు రికార్డు చెయ్యండి. మూడింటినీ హెడ్‌ఫోనులో వినండి. తరువాత అదే 120 సెంటీమీటర్ల దగ్గర, స్నేహితుణ్ణి మోటరుకూ ఫోనుకూ మధ్య ఒకసారి, మోటరు ఫోనుకు పక్కగా ఉండేట్టు ఒకసారి నిలబెట్టి చూడండి. ఏ మార్పు ఎంత తేడా తెచ్చిందో నోటుపుస్తకంలో రాసుకుని, ఆ కాగితంతో దుకాణానికి వెళ్ళండి.